దుబాయ్ ఎంత దూరం?

"పోయేటప్పుడు రెండున్నర గంటలే, వచ్చేటప్పుడు అయిదు గంటలు. ఇదేం లెక్కమ్మా?" అంటూ టికెట్ కాగితం పట్టుకుని వచ్చింది మా పక్కింటి పెద్దమ్మ. కోడలికి తొమ్మిదో నెల. పురుటి సాయానికి దుబాయ్ వెళ్ళాలి. ఆవిడ ఒంటరిగా విమానం ఎక్కడం ఇదే మొదలు.

చూస్తే నిజమే. హైదరాబాదులో ఉదయం 10కి బయలుదేరి దుబాయ్‌లో 12.30కి దిగుతుంది. తిరుగు విమానం అక్కడ రాత్రి 10కి బయలుదేరి ఇక్కడికి తెల్లవారుజామున 3కి వస్తుంది.

టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. మనకు ఆరున్నర అయితే వాళ్ళకింకా అయిదే! అందుకని వెళ్ళేటప్పుడు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసెయ్యాలి. అప్పుడు వెళ్ళడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర అని తేలుతుంది.

ఆ అరగంట తేడా ఏమిటంటారా? అంత ఎత్తున, ముఖ్యంగా చలికాలంలో, గాలులు పడమటి నుంచి తూర్పుకి బలంగా వీస్తాయి. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి.

దూరం ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. అంటే ఢిల్లీకి రెండింతలు. సమయం మాత్రం జగిత్యాల నుంచి హైదరాబాదుకు బస్సులో వచ్చేంతే!

తేదీ దగ్గర జాగ్రత్త

అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాలతో చాలామంది పొరపడతారు. టికెట్ మీద 15వ తేదీ 00.40 అని ఉంటే, 14వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళితే విమానం వెళ్ళిపోయి ఒక రోజు గడిచిపోయినట్టే. మూడు గంటల ముందే చేరుకోవడం మంచిది.

మూటలో ఏముంది?

పచ్చళ్ళు, నెయ్యి చేతిసంచిలో వద్దు. గట్టి మూత డబ్బాలో పోసి, ప్లాస్టిక్ కవరు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. ఎండు కొబ్బరి త్వరగా అంటుకునే గుణం ఉన్నది, విమానంలోకి రానివ్వరు. అన్నిటికన్నా ముఖ్యం గసగసాలు. మన వంటింట్లో మామూలు దినుసే గానీ అక్కడ నిషేధం, కేసు దాకా పోవచ్చు. మందులకు డాక్టరు చీటీ తప్పనిసరిగా ఉంచుకోండి. కొన్ని దగ్గుమందులకు, నొప్పి మాత్రలకు అక్కడ ముందస్తు అనుమతి కావాలి. ఎవరైనా పొట్లం ఇచ్చి "మావాడికి ఇవ్వండి" అంటే విప్పి చూడకుండా తీసుకోకండి.

ఇది చెప్పగానే పెద్దమ్మ ముఖం వాడిపోయింది. కొడుక్కి ఇష్టమని గసగసాలు వేసి కిలో మసాలా పొడి కొట్టి ఉంచిందట! "పోనీలే పెద్దమ్మా, నువ్వులు, జీడిపప్పు వేసి ఇంకోటి కొట్టుకుందాం" అన్నాను. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని కొట్టాం.

మొదటి పొడి మా ఇంటికొచ్చింది. పెద్దమ్మ క్షేమంగా దుబాయ్ చేరింది!