రైలు బోర్డుల మీద అమరుల పేర్లు

డబ్లిన్‌లో కార్క్ రైలెక్కాలంటే హ్యూస్టన్ స్టేషన్‌కి పోవాలి. బెల్‌ఫాస్ట్‌కైతే కొనొలీ. కిల్కెన్నీలో దిగితే బోర్డు మీద మెక్‌డోనా, వాటర్‌ఫర్డ్‌లో ప్లంకెట్, కార్క్‌లో కెంట్. అన్నీ మనుషుల పేర్లే. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం పదహారు మంది ప్రాణాలు తీసింది. యాభై ఏళ్ళకు, 1966లో, ఐర్లండ్ పదిహేను స్టేషన్లకు వాళ్ళ పేర్లు పెట్టుకుంది. డబ్లిన్‌లోని పియర్స్ స్టేషన్ పాట్రిక్, విలియం అనే అన్నదమ్ములిద్దరిదీ.

ఈ దేశంలోని పాత ఊళ్ళను రైల్లోనే చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. డబ్లిన్‌లో ఉంటున్న నా దగ్గరికి మొన్న వేసవిలో చిన్ననాటి స్నేహితుడొచ్చాడు. వాల్తేరు డివిజన్‌లో పట్టాల పని చూసి రిటైరైనవాడు. కారు తియ్యబోతుంటే, "ఒరే, జీవితమంతా రైళ్ళతో గడిపినోణ్ణి, నన్ను కార్లో తిప్పుతావా?" అన్నాడు. ఇంకేం కావాలి!

హ్యూస్టన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి ముందు పట్టాల వంకే చూశాడు. "మన బ్రాడ్‌గేజ్ కాదే ఇది" అని పట్టేశాడు. నిజమే. మనది 1,676 మిల్లీమీటర్లు, ఇక్కడిది 1,600. ఈ కొలత ఐర్లండ్ కాకుండా ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో, బ్రెజిల్‌లో కనిపిస్తుంది. డబ్లిన్ నుంచి ఇప్పటి డన్ లేరీకి 1834 డిసెంబరులోనే రైలు నడిచింది. మన బోరీబందర్–ఠాణే రైలుకు పద్దెనిమిదేళ్ళకు పైగా ముందు.

షాన్ హ్యూస్టన్ ఈ స్టేషన్ ఆఫీసులోనే గుమస్తా. అప్పట్లో దీని పేరు కింగ్స్‌బ్రిడ్జ్. తిరుగుబాటు రోజుల్లో ఇక్కడికి కాస్త దూరంలో, లిఫీ నది ఒడ్డునున్న ఒక భవనాన్ని కొద్దిమంది కుర్రాళ్ళతో పట్టుకున్నాడు. కొన్ని గంటలు నిలబెట్టమంటే రెండు రోజులకు పైగా నిలబెట్టాడు. మే 8న కాల్చేసేనాటికి అతనికి పాతికేళ్ళు. రాజు పేరున్న స్టేషన్‌కి ఇప్పుడు ఆ గుమస్తా పేరు. కిల్‌మైనమ్ జైలు స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరమే. పద్నాలుగు మందిని అక్కడి పెరట్లోనే కాల్చారు. గాయాలతో నిలబడలేని కార్మిక నాయకుడు జేమ్స్ కొనొలీని కుర్చీకి కట్టి మరీ కాల్చారు. ఆ గోడల మధ్య నా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు.

బరంపురం కుర్రాడు

అక్కడే అతనికి వి.వి. గిరి గారి సంగతి చెప్పాను. మన రాష్ట్రపతిగా తెలిసిన వరాహగిరి వేంకటగిరి, బరంపురం తెలుగింటి బిడ్డ, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వచ్చారు. యూనివర్సిటీ కాలేజీలో, కింగ్స్ ఇన్స్‌లో చదివారు. అదే ఏడు జేమ్స్ లార్కిన్, కొనొలీల నాయకత్వంలో డబ్లిన్ కార్మికులు నెలల తరబడి లాకౌట్‌ను ఎదుర్కొన్నారు. గిరి చదివిన కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన థామస్ మెక్‌డోనా తిరుగుబాటు నాయకుల్లో ఒకడు, ప్రాణమిచ్చినవాడు. ఐరిష్ ఉద్యమం వైపు మొగ్గిన గిరి 1916లో ఈ దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది.

తిరిగొచ్చి ఆయన ఎవరి మధ్య పనిచేశారు? రైల్వే కార్మికుల మధ్య. హౌరా నుంచి వాల్తేరు దాకా నడిచిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో 1928 సమ్మెను నడిపించారు. 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికల్లో ఓడించారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. నా మిత్రుడు ఉద్యోగం చేసింది ఆ పాత రైల్వే లైను మీదే. "మా యూనియన్ ఆఫీసులో ఆయన ఫొటో ఉండేదిరా" అన్నాడు. కొనొలీ స్టేషన్ నుంచి కార్మికుల కేంద్రమైన లిబర్టీ హాల్‌కి ఐదారు నిమిషాలు నడవాలి. ఇప్పుడున్నది తర్వాత కట్టిన భవనం, చోటు మాత్రం అదే. అక్కడ నిలబడి నా మిత్రుడు ఫొటో తీయించుకున్నాడు. డబ్లిన్‌లో అతను అడిగి తీయించుకున్న ఫొటో అదొక్కటే.

కోట నుంచి రేవు దాకా

కిల్కెన్నీకి గంటన్నర పైచిలుకు ప్రయాణం. స్టేషన్‌లో లైను ఆగిపోతుంది. వాటర్‌ఫర్డ్ పోవాలంటే రైలు వచ్చిన దిక్కుకే వెనక్కి కదలాలి. మెక్‌డోనా ఇక్కడి సెయింట్ కీరన్ కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాడు, అందుకే ఈ స్టేషన్‌కి అతని పేరు. బట్లర్ వంశం శతాబ్దాల పాటు ఏలిన కోటను 1967లో ఊరికి యాభై పౌండ్లకు ఇచ్చేశారు. సెయింట్ కానిస్ చర్చి పక్క రాతి గోపురం నిచ్చెన మెట్ల మీదుగా ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నుంచే చూడటం మంచిది.

వాటర్‌ఫర్డ్ వైకింగులు 914లో వేసిన ఊరు, ఐర్లండ్‌లోకెల్లా పాత నగరం. ఇప్పటి ఐరిష్ మూడు రంగుల జెండాను థామస్ మాహర్ 1848లో మొదట ఎగరేసింది ఇక్కడే.

కార్క్ గురించి తీరిగ్గా చెప్పాలి. డబ్లిన్ నుంచి రెండున్నర గంటల పైన. సీటు ముందే బుక్ చేసుకుంటే పైన చిన్న తెర మీద మన పేరు కనిపిస్తుంది. ఇంత పొడుగు ఇంటిపేరు ఆ తెర మీద కదులుతుంటే నా మిత్రుడి ముఖం వెలిగిపోయింది. కెంట్ స్టేషన్‌లో నిలబెట్టిన 36వ నంబరు ఆవిరి ఇంజన్ దగ్గర అరగంట గడిపాడు, నేను తొందర పెట్టలేదు. థామస్ కెంట్‌ని కార్క్‌లోనే కాల్చి జైలు ఆవరణలోనే పూడ్చారు. తొంభైతొమ్మిదేళ్ళ తర్వాత, 2015లో, అస్థికలు వెలికితీసి ప్రభుత్వ లాంఛనాలతో సొంత ఊళ్ళో అంత్యక్రియలు చేశారు.

అక్కడి నుంచి మరో రైలెక్కితే అరగంట లోపే కోవ్ రేవు. టైటానిక్ ఆఖరుసారి ఆగిన రేవు ఇదే, 1912 ఏప్రిల్ 11న. కానీ నన్ను ఎక్కువ పట్టి ఉంచేది ఆనీ మోర్ విగ్రహం. ఇద్దరు తమ్ముళ్ళను వెంటబెట్టుకొని ఇక్కడ ఓడెక్కిన ఈ అమ్మాయే 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ద్వీపంలో అడుగుపెట్టిన మొదటి వలస మనిషి. 1848 నుంచి 1950 వరకూ పాతిక లక్షల మంది ఈ రేవు నుంచే దేశం వదిలారు. "మా తాత ఇట్లాగే రంగం పోయాడు" అన్నాడు మిత్రుడు. రంగం అంటే రంగూన్. విశాఖ, కాకినాడ రేవుల నుంచి బర్మాకు పోయినవాళ్ళని అక్కడ కోరంగులని పిలిచేవారు. వాళ్ళ కోసం మన రేవుల్లో మ్యూజియం ఒక్కటైనా ఉండాలని నా గట్టి కోరిక.

మదనపల్లెకు స్వరమిచ్చిన ఊరు

స్లైగో రైల్లో సుమారు రెండున్నర గంటలకు బాయిల్ అనే చిన్న ఊరొస్తుంది. 1161లో సిస్టర్షియన్ సన్యాసులు స్థాపించిన మఠం శిథిలాలున్నాయి. యాత్రికులు ఎక్కువగా అది చూడటానికే దిగుతారు. మనం దిగాల్సిన కారణం మార్గరెట్ కజిన్స్. 1878లో ఇక్కడ పుట్టింది. ఐర్లండ్‌లో మహిళల ఓటు హక్కు కోసం పోరాడి, భర్త జేమ్స్ కజిన్స్‌తో భారతదేశం వచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు 'జనగణమన' పాటను ఇంగ్లిష్‌లోకి మార్చారు. ఆ రోజుల్లోనే మార్గరెట్ దానికి స్వరలిపి రాసింది.

బెల్‌ఫాస్ట్‌ గురించి ఒక్క జాగ్రత్త. కొనొలీ నుంచి ఎంటర్‌ప్రైజ్ రైల్లో రెండు గంటలు. సరిహద్దులో ఎవరూ ఆపరు. అయినా అది బ్రిటన్ భూభాగం, భారత పాస్‌పోర్టుకు వీసా తప్పనిసరి. ఐరిష్ విజిటర్ వీసా మీద 'బీఐవీఎస్' అని ఉంటే సరిపోతుంది. లేకపోతే ఆ రైలెక్కకండి.

మీ ఇంటికొచ్చిన చుట్టాలకు మోహెర్ కొండలు తప్పకుండా చూపించండి. దాంతోపాటు ఒక రోజు కిల్‌మైనమ్‌కీ, ఒక రోజు బాయిల్‌కీ ఉంచండి. జైలు టికెట్లు ముందే అయిపోతాయి, ఆన్‌లైన్‌లో తీసుకోండి. రైలు టికెట్టు కూడా ముందుగా కొంటే చవక.