నరస్తుతి అనగా నేమి?

సంగీతమంటే మాకు పిచ్చి. పాడడం రాదు, వినడం మాత్రమే వచ్చును. ఏ నాయకరాజుల నాడో కావేరి గట్టుకు చేరి, కుంభకోణంలో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయితే ఆ తెలుగులో సగం తమిళమేనని, మేము విజయవాడ వెళ్ళినప్పుడల్లా అక్కడి బంధువులు నవ్వుతూ గుర్తుచేస్తూ వుంటారు. చదువంతా తమిళంలో సాగినందున తెలుగక్షరాలు నడివయసులో గాని మాకు పట్టుబడలేదు. ఇంత లోటున్నా, త్యాగయ్య కీర్తన వినబడితే చాలు, ‘ఇది మా భాష’ అని రొమ్ము విరుచుకొని కూర్చునేవారము. ఆ గర్వం 2023లో ఒక సాయంత్రం మా మనుమరాలి యెదుట భంగపడినది. ఆ సంగతి పాఠకులతో చెప్పుకొందామనే ఈ నాలుగు మాటలు.

అప్పటికి పిల్లకు పదేళ్ళు. వీధి చివర ఒక మామి దగ్గర పాట నేర్చుకొంటున్నది. మామిది తమిళ కుటుంబం. ఆ వారం పాఠం కల్యాణిరాగంలో త్యాగయ్య కీర్తన. సుఖం ధనంలో వున్నదా, రాముని సన్నిధిలో వున్నదా అని మనసును నిలదీసి అడిగే కీర్తన. పిల్ల నోటుపుస్తకం ముందు పెట్టుకొని సాధకం చేస్తూ చేస్తూ ఆగి, “తాతా, నరస్తుతి అంటే ఏమి?” అని అడిగినది.

“నరసింహస్వామిని స్తుతించడం తల్లీ” అని మేము తడుముకోకుండా చెప్పివేసినాము. యాభై యేళ్ళుగా అలా అనుకొనే తల వూపుతున్నాము మరి!

మరునాడు పిల్ల ఆ అర్థాన్ని మామికి అప్పజెప్పినది. ఆ సాయంత్రం మామి మా గుమ్మంలోకి వచ్చి, మేము నొచ్చుకోకుండా మెల్లగా, “సార్, నరుడంటే మనుష్యుడు గదా. మనుష్యులను పొగడడం సుఖమా అని త్యాగయ్య అడుగుతున్నాడు. మా గురువు నాచేత ప్రతి మాటకూ తమిళంలో అర్థం రాయించినారు” అని, అట్ట వూడిపోయిన తన పాత నోటుపుస్తకం తెరిచి చూపినది. తెలుగు తాతకు తమిళ మామి త్యాగయ్యను విప్పి చెప్పవలసి వచ్చినది.

తంజావూరు కొలువు నుండి వచ్చిన కానుకలను కాదని త్యాగయ్య ఈ కీర్తన పాడినాడని పరంపరగా చెప్పుకొంటారు. 1767లో తిరువారూరులో పుట్టి 1847లో తిరువయ్యారులో కన్నుమూసిన ఆ మహానుభావుడు, దొరలను పొగడి బ్రతకనని చెప్పిన మాట అది. దానిని మేము దేవుని స్తోత్రం చేసుకొని ఇన్నేళ్ళు హాయిగా విన్నాము. రాగం తెలిసినది, తాళం తెలిసినది, మాట మాత్రం తెలియలేదు.

ఈ సిగ్గులో మాకు మా నాయన జ్ఞాపకం వచ్చినారు. ‘తమిళ ఇసై’ అనే మాట వినబడితే ఆయన మండిపడేవారు. ఆ కథ ఈనాటి పిల్లలకు తెలియదు గనుక కొంచెం చెప్పవలసి వున్నది. నాయకరాజుల కొలువులో తెలుగుకు పెద్దపీట. వారి తరువాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును ఆదరించినారు. శాహజీ మహారాజు తానే తెలుగులో యక్షగానాలు రచించినాడు. అందువల్ల కావేరీతీరంలో పాటకు తెలుగే భాషయై నిలిచినది. కాలక్రమాన కచేరీలలో ముఖ్యమైన భాగమంతా తెలుగు, సంస్కృత కీర్తనలదే అయి, తమిళ పాటలు చివర తుక్కడాలుగా మిగిలినవి.

తమిళులకు ఇది కష్టంగా తోచడంలో వింత లేదు. 1921లో గతించిన సుబ్రహ్మణ్య భారతి, తెలుగు సొగసును తన పాటలోనే మెచ్చుకొన్న కవి, అర్థం తెలియకుండా అవే కీర్తనలు మళ్ళీ మళ్ళీ పాడే విద్వాంసులను గట్టిగా మందలించినాడు. 1929లో రాజా అన్నామలై చెట్టియారు చిదంబరంలో సంగీత కళాశాల పెట్టించినారు. 1941లో అక్కడి విశ్వవిద్యాలయంలోనే తమిళ ఇసై మహాసభ జరిగినది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం వెలసినది. రాజాజీ, ‘కల్కి’ కృష్ణమూర్తి వంటివారు దానిని బలపరచినారు. సంగీతానికి నాదం ముఖ్యం గాని భాష కాదని సంగీత అకాడమీ పక్షంవారు వాదించినారు. పత్రికలలో చాలా సిరా ఖర్చయినది.

ఆ వేడి చల్లారకముందే మద్రాసు యెవరిదన్న తగవు ముదిరినది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఆ నగరంలోనే నిరాహారదీక్షలో ప్రాణమర్పించినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం యేర్పడినది. మావంటివారము ఇవతలనే వుండిపోయినాము. ‘నేల పోతే పోయినది, పాట అయినా మనదిగా వుండనీయరా?’ అని నాయన అనేవారు. ఆయన బాధ మాకు తెలియును. కాని ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఉద్యమంవారు అడిగినదేమి? వినేవానికి తాను వినే పాట అర్థం కావాలని. అంతే గదా! ఆ కోరికలో తప్పేమున్నది? అర్థం తెలియకుండా తలవూపే శ్రోతను వారు తమిళుల ఇళ్ళలో చూసినారు. అటువంటివాడు తెలుగింటనే వున్నాడని మాకు తెలియడానికి పదేళ్ళ పిల్ల అడగవలసి వచ్చినది.

పిల్ల నోటుపుస్తకం కూడా ఆనాడే శ్రద్ధగా చూసినాము. కీర్తనలన్నీ తమిళ లిపిలో వున్నవి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అచ్చు పుస్తకాలలో పక్కన చిన్న అంకె వేసి తేడా చూపుతారు. పిల్లలు రాసుకొనేటప్పుడు ఆ అంకె యెగిరిపోతుంది. అంకె పోతే కరమూ ఖరమూ ఒకటే. చేతికి మొక్కుతున్నామో గాడిదకు మొక్కుతున్నామో పాడేవారికే తెలియదు! రాముని కథ ఆంజనేయుని గద అవుతుంది. ఇది తమిళ లిపి తప్పు కాదు. ఆ భాషకు ఆ లిపి చక్కగా చాలును. మన పాటను మన అక్షరాలలో రాసి ఇవ్వని తప్పు మనది.

తమిళనాట బడులలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చినది. దానిమీద మనవారికి వున్న బాధ న్యాయమైనదే. కాని ఆ చట్టం రాకముందు మాత్రం మేము ఇంట్లో పిల్లలకు ఓనమాలు దిద్దించినామా? లేదు.

బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలచుకొంటే మాకు మరింత సిగ్గు. మైసూరు సీమలో పుట్టిన ఆమె తెలుగు చక్కగా నేర్చి, 1910లో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను అచ్చువేయించినది. తరువాత తన సొత్తు వెచ్చించి తిరువయ్యారులో త్యాగయ్య సమాధి మందిరం కట్టించినది. 1925లో ప్రతిష్ఠ జరిగినది. ఆరాధనలో ఆడవారిని పాడనీయని రోజులలో పట్టు విడువక నిలిచినది. ఇప్పుడు పుష్య బహుళ పంచమినాడు వందలమంది కూర్చుని పంచరత్నాలు పాడుతారు. నాటరాగ కీర్తన సంస్కృతం. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ కీర్తనలు నాలుగూ తెలుగు. పాడేవారిలో యెక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవారు కారు. వారి కష్టం వల్ల నిలిచిన పాటను మనదని చెప్పుకోవడానికి మనం చేసినదేమి?

అందుచేత మా ఇంట ఒక చిన్న యేర్పాటు చేసుకొన్నాము. నెలకు ఒక కీర్తన. ఆదివారం ఉదయం కాఫీ అయిన తరువాత పిల్ల దానిని తెలుగక్షరాలలో రాస్తుంది. ప్రతి మాటకూ అర్థం వెతుకుతాము. దొరకనిదానికి నిఘంటువు తీస్తాము. అక్షరాల కోసం మామి కూడా వచ్చి కూర్చుంటున్నది. అర్థం ఆమె చెబుతుంది, ఒత్తులు మేము దిద్దుతాము. ఎవరు గురువో యెవరు శిష్యులో ఆ గంటసేపు చెప్పడం కష్టం.

2024 లోక్‌సభ ఎన్నికల రోజులలో ఒక ఆదివారం ఇలాగే కూర్చుని వున్నాము. లౌడ్‌స్పీకరు కట్టిన ఆటో ఒకటి, ఒక నాయకుని పొగిడే పాటతో వీధి దద్దరిల్లజేస్తూ పోయినది. దాని వెనుకనే మరొక పక్షంవారి ఆటో, మరొక పొగడ్త. పిల్ల కలం ఆపి, వీధి వైపు చూసి, “తాతా, నరస్తుతి అంటే ఇదేనా?” అని అడిగినది.

మామి నవ్వినది. మేమూ నవ్వి, “ఇదే తల్లీ” అన్నాము. ఈసారి చెప్పిన అర్థంలో తప్పు లేదు.