పలక తుడిచే ప్రకృతి

"పిల్ల మంచిదే. కాని తండ్రికి ఫ్లోరైడు నీళ్లతో నడుము వంగింది. రేపు మనుమలకు గూడ వంగుతదా?" మర్రిగూడ చుట్టుపక్కల పెళ్లిమాటలలో ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను.

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టభూములలో గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు బావినీటిలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని చిన్నప్పటినుంచీ తాగితే పళ్లమీద మచ్చలు పడతాయి. మోతాదు ఇంకా పెరిగి, ఏళ్లు గడిస్తే ఎముకలు బిగుసుకుపోతాయి. ఇది నీరు తెచ్చిన జబ్బు; వంశం తెచ్చింది కాదు.

"సరే, తండ్రి ఒంటికి తగిలిన దెబ్బ బీజానికి అంటదా?" అని మీరు అడగవచ్చు. ప్రకృతి చేసే చిత్రమంతా అక్కడే వుంది.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులు ఒకటే. వాటిలో ఏది పనిచేయాలో, ఏది నిద్రపోవాలో చెప్పేవి వాటికి అంటుకున్న మిథైల్ వంటి రసాయనపు గుర్తులు. పొగతాగడంవల్ల, వయస్సువల్ల ఇవి మారుతూ వుంటాయి కూడా. అయితే తల్లికడుపులోని పిండంలో బీజకణాలు ఏర్పడగానే, బడిపిల్లవాడు పలక తుడిచినట్లు, ఈ గుర్తులు చెరిగిపోతాయి. చిట్టెలుక పిండంలో 13వ రోజు దాటేసరికి ఈ పని దాదాపు పూర్తి. ఆ తరువాత మగబీజంలో ఒక తీరుగా, ఆడబీజంలో మరొక తీరుగా కొత్త రాత మొదలవుతుంది. రెండు బీజాలూ కలిసి పిండమైనాక మరొకసారి తుడుపు జరుగుతుంది. కాని తల్లిముద్ర, తండ్రిముద్ర అనదగిన కొన్ని గుర్తులు మాత్రం ఈసారి చెరగవు.

ఆ ముద్రలు రెండూ వుండి తీరాలని 1984లో కేంబ్రిడ్జిలో అజీం సురానీ బృందమూ, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్‌లూ చిట్టెలుకలతో నిరూపించారు. తల్లివైపు జన్యువులే రెండు వంతులూ వున్న పిండం నిలవలేదు. తండ్రివైపువే వున్నదీ నిలవలేదు.

ఎంత తుడిచినా పలకమీద ఒకటి రెండు గీతలు మిగులుతాయి. 2015లో మానవపిండాల బీజకణాలను పరీక్షించినప్పుడు కూడా చెరగని చోట్లు కొన్ని కనిపించాయి. అయినా, వంగిన నడుముకు కారణం ఆ గీతలు కావు, బావినీళ్లు.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే ఉపాయాన్ని నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించి, దానికి మన నల్గొండ పేరే పెట్టింది. తరువాత కృష్ణ నీళ్లు కుళాయిలలో వచ్చాయి. గర్భిణికీ, ఎదిగే పిల్లలకూ మంచినీళ్లే ఇవ్వండి. సంబంధం చూసేటప్పుడు పిల్ల తండ్రి నడుము చూడకండి. మీ ఇంటి బిందెలో నీళ్లు ఎక్కడివో చూసుకోండి.