నీటిని పంపి ఆవిరిని ఆపే బంతి

పాయకరావుపేటలోని తాండవ సహకార చక్కెర కర్మాగారమైనా, అదే ప్రాంతంలో 1933లో మొదలైన ఏటికొప్పాక కర్మాగారమైనా చెరకు పిప్పిని బాయిలర్లలో మండించి, అలా పుట్టిన ఆవిరితో రసాన్ని కాచి చిక్కబరిచే పద్ధతిపై ఆధారపడి నడిచినవే. నక్కపల్లి ప్రాంతపు ఔషధ పరిశ్రమలకు కూడా ఆవిరి అవసరం ఎంతో ఉంది. ఆ ఆవిరి వృథా కాకుండా కాపాడే చిన్న పరికరమే స్టీమ్ ట్రాప్.

కిలో నీటిని 0 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు తేవడానికి సుమారు 419 కిలోజౌళ్ల వేడి చాలగా, ఆ మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 2,257 కిలోజౌళ్లు కావాలి. గుప్తోష్ణం అనే ఈ వేడిని ఆవిరి తాను వేడిచేసే యంత్రానికి అప్పగించి, తిరిగి నీరవుతుంది. ఆ నీటినే కండెన్సేట్ అంటారు. అది లోపలే నిలిస్తే వేడి అందే ఉపరితలం మునిగి పని మందగిస్తుంది. గొట్టాల్లో చేరితే ఆవిరి వేగానికి ముద్దగా కదిలి, వంపుల దగ్గర సమ్మెటలా కొడుతుంది. అందువల్ల నీటిని వెంటనే పంపాలి, ఆవిరిని మాత్రం పోనివ్వకూడదు.

ఫ్లోట్ రకం ట్రాప్‌లో మూసిన గదివంటి పెట్టె, అందులో బోలుగా ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు బంతి, దానికి అమర్చిన మీట, మీట చివర వాల్వు ఉంటాయి. మేడమీది నీళ్ల ట్యాంకులో బంతి పైకి తేలితే నీరు ఆగుతుంది; ఇక్కడ అందుకు విరుద్ధంగా, నీటిమట్టం పెరిగి బంతి లేచిన కొద్దీ వాల్వు తెరుచుకుంటుంది, మట్టం తగ్గితే మూసుకుంటుంది. వాల్వు రంధ్రం ఎప్పుడూ నీటి అడుగునే ఉండేలా అమర్చడం వల్ల ఆవిరికి అక్కడ దారి దొరకదు. కండెన్సేట్ ఎంత వస్తే అంత, ఆగకుండా బయటికి పోతుంది కనుక, ఆవిరి వాడకం క్షణక్షణం మారే హీటర్లకు ఈ రకం బాగా సరిపోతుంది.

యంత్రాన్ని మొదలుపెట్టేటప్పుడు లోపలుండే గాలి వేడిని అడ్డుకుంటుంది కాబట్టి, ట్రాప్ పైభాగంలో ఉష్ణోగ్రతకు స్పందించే మరో చిన్న వాల్వు ఉంటుంది. చల్లని గాలిని అది వదిలి, వేడి ఆవిరి తాకగానే మూసుకుంటుంది.

ఆవిరి పీడనం వాల్వును అది మూసుకునే సీటుకు నొక్కిపెడుతుంది కనుక, పీడనం ఎక్కువైన చోట రంధ్రం చిన్నదిగా ఉన్న ట్రాప్‌నే ఎంచుకోవాలి; లేకుంటే బంతి దానిని లేపలేదు. బంతికి చిల్లు పడితే అది మునిగి వాల్వు మూసుకుపోతుంది, నీరు నిలిచి ట్రాప్ చల్లబడుతుంది. సీటు మీద తుప్పు, మురికి చేరితే ఆవిరి కారిపోతుంది. అందుకే ట్రాప్ ముందు జల్లెడ ఉంచి, తరచూ శుభ్రం చేయాలి.

కారిపోయిన ప్రతి కిలో ఆవిరి వెనుక మండిన పిప్పి ఉంటుంది. శుభ్రమైన కండెన్సేట్ తిరిగి బాయిలరుకు చేరితే ఇంధనమూ, నీరూ మిగులుతాయి. చెరకు పండించిన రైతు శ్రమకు పూర్తి విలువ దక్కాలంటే, కర్మాగారంలో ఈ బంతిపై శ్రద్ధ కూడా ఉండి తీరాలి.