నీటికాసులు: చుక్కల మందు క్రమం తప్పితే ఏమవుతుంది?

శుక్లాలకు ఆపరేషన్ చేస్తే చూపు తిరిగి వస్తుంది. నీటికాసులు, అంటే గ్లాకోమాలో పోయిన చూపు రాదు. కంటిలోని ఒత్తిడిని తగ్గించి, మిగిలిన చూపును నిలపడమే చుక్కల మందు చేసే పని. ఎక్కువమందికి నొప్పి ఉండదు. మందు వేసినా చూపు మెరుగైనట్లు తోచదు. 1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో నీటికాసులున్న అత్యధికులకు ఆ సంగతే తెలియదు. తెలిసినవారు మందు మానడానికీ కారణం ఇదే.

కృష్ణా మెట్టలోని నందిగామ, జగ్గయ్యపేటలనే ఉదాహరణగా తీసుకోండి. మిరప కోతలప్పుడు తెల్లవారకముందే చేనికి వెళ్ళేవారికి ఉదయపు చుక్క తప్పుతుంది. సీసా అయిపోతే బజారుకు వెళ్ళేదాకా ఆగుతారు. విజయవాడలో పరీక్ష ఉందనగా నాలుగు రోజులు శ్రద్ధగా వేస్తారు. ఆనాడు ఒత్తిడి మామూలుగానే కనిపిస్తుంది. మధ్యలో మానిన రోజులు డాక్టరుకు తెలియవు. చూపు పరిధి తగ్గుతుంటే మందు చాలడం లేదనుకొని మరొకటి కలుపుతారు, లేదా ఆపరేషన్ సూచిస్తారు. కనుక తప్పిన రోజులు దాచకుండా చెప్పడం చికిత్సలో భాగం.

టిమోలాల్ సాధారణంగా రోజుకు రెండుసార్లు, లాటనోప్రోస్ట్ రాత్రి ఒకసారి వేస్తారు. ఉదయం కుదరకపోతే డాక్టరుతో మాట్లాడండి. ఉబ్బసం ఉంటే తప్పక చెప్పండి. టిమోలాల్ ఆయాసాన్ని పెంచుతుంది. ఒక్క చుక్క చాలు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు అదమండి. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి.

అభ్యాసం: పరీక్షనాడు ఒత్తిడి మామూలుగా ఉంటే మందు క్రమంగా వాడినట్లేనా? కారణం రాయండి.