అంబులెన్సువారి చికిత్సాధికారము

2019వ సంవత్సరమున నేను అమెరికాలో, సియాటిల్ నగరమునకు సమీపముననున్న మా కుమారుని యింట కొంతకాలముంటిని. ఒకనాటి సాయంకాలము ఆరేండ్ల మా మనుమరాలు ఇరుగింటివారిచ్చిన మిఠాయి తిన్నది. అందు వేరుసెనగ యున్నదని మే మెరుగము. అయిదు నిమిషములలో పెదవులు వాచినవి. ఒడలెల్ల దద్దురులు లేచినవి. ఊపిరిలో పిల్లికూతలు పుట్టినవి. మావాడు టెలిఫోను చేయగా వాకిట వచ్చి నిలిచినది అంబులెన్సు కాదు, ఎఱ్ఱని అగ్నిమాపక శకటము! ఇల్లు కాలుచున్నదని పొరపడిరేమో యని కలవరపడితిని. అందుండి దిగిన యువకుడు చేతిలోని చీటిని జూచి రెండు మూడు ప్రశ్నలడిగి, చిన్న సీసానుండి మందు కొలిచి తీసి, పిల్ల తొడకు సూది వేసెను. అతడు వైద్యుడు కాడు. శ్రోతలారా, నేటి నా ప్రసంగము ఆ సూదిని గూర్చియే.

ఆ ప్రాంతమున ఆపద్వేళ వచ్చువారు ముఖ్యముగా రెండు తరగతులు. మొదటివారు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియనులు. శిక్షణ సుమారు 150 మొదలు 200 గంటలు. గాయమునకు కట్టు కట్టుట, ప్రాణవాయువిచ్చుట, రొమ్ము నొక్కి రక్తము నాడించుట వీరి పని. రెండవవారు పారామెడిక్కులు. వీరి శిక్షణ 2000 గంటలకు మించును. నరమున మందెక్కించుట మొదలగునవి వీరివి. మొదటివారు పెక్కుమంది, కనుక ముందు వత్తురు. రెండవవారు కొలదిమంది, కనుక తరచుగా వెనుక వత్తురు. చిక్కంతయు ఇందే యున్నది. ముందు వచ్చినవానికి మందిచ్చు నధికారము లేదు. అధికారము గలవాడు ఇంకను దారిలో నున్నాడు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1966లో బెల్‌ఫాస్టు నగరమున డాక్టరు ఫ్రాంక్ పాంట్రిడ్జి, గుండెపోటు వచ్చినవారి యొద్దకే చికిత్స పోవలెనని తలచి, వైద్యునితోపాటు గుండెకు విద్యుద్ఘాతమిచ్చు యంత్రమును వాహనమున నెక్కించెను. దాని బరువు సుమారు 70 కిలోలట! 1970లో సియాటిల్‌లో డాక్టరు లెనర్డ్ కాబ్ వైద్యుని స్థానమున శిక్షితులైన అగ్నిమాపక దళమువారిని నిలిపెను. ఆ నగరము చుట్టునున్న కింగ్ కౌంటీలో డాక్టరు మికీ ఐజెన్‌బర్గు ప్రభృతులు మరియొక మెట్టు దిగి, సామాన్య టెక్నీషియనుల చేతికే ఆ యంత్రమిచ్చిరి. 1980లో వారు ప్రకటించిన లెక్క యిది: గుండె లయ తప్పి అదరుచు నిలిచినవారిలో, పూర్వము 100 మందికి నలుగురు బ్రతికి ఆసుపత్రినుండి ఇల్లు చేరిరి; యంత్రమిచ్చిన పిదప 54 మందికి పదిమంది చేరిరి. సంఖ్యలు చిన్నవే. అంతరము చిన్నది కాదు.

మా మనుమరాలి కిచ్చినది ఎపినెఫ్రిను, అనగా అడ్రినలిను. సామాన్య టెక్నీషియనుకు ఈ మందు మొదట స్ప్రింగు సూది రూపమున దక్కినది. కొలత దానియందే యుండును. తొడపై నొక్కిన చాలును. కాని 2009లో సుమారు 100 డాలర్లున్న ఎపిపెన్ జత వెల 2016 నాటికి 600 దాటినది. లోపలి మందు వెల కొలది డాలర్లే! అందుచే కింగ్ కౌంటీవారు సామాన్య సీసా, సిరంజి, లక్షణముల చీటి యిచ్చి, మందు తీయుట నేర్పిరి. దీనికి 'చెక్ అండ్ ఇంజెక్ట్' అని పేరు.

భయము లేకపోలేదు. సీసాలో 1 మిల్లీగ్రాము మందుండును, పెద్దలకు 0.3, చిన్నపిల్లలకు 0.15 మాత్రమే తీయవలెను. తొందరలో అంతయు నెక్కించినను, అది నరములోనికి పోయినను గుండెకు ముప్పు. వేసవి సెలవుల పిదప సంధిసూత్రము లడిగిన ఉపాధ్యాయునకు, నేర్చినది ఎంత త్వరగా మరపునకు వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. కావున ఏటేట మరల నేర్పుట తప్పదు.

అట్లని అన్నియు నిచ్చుట తగునా? మా గురువులు ఏ శాస్త్రము మొదలిడినను విషయ ప్రయోజన సంబంధములతోపాటు అధికారి యెవడని యడిగెడివారు. అధికారమనగా బిరుదము కాదు, ఆ పనికి వలయు యోగ్యత. ఊపిరితిత్తులకు గాలిపోవుటకై గొంతులో గొట్టము దింపు విద్యను 1994 నాటి అమెరికా జాతీయ పాఠ్యప్రణాళికలో సామాన్య టెక్నీషియనులకు ఐచ్ఛికముగా చేర్చిరి. 2007 నాటి జాతీయ నమూనాలో అది వారికి లేదు. అరుదుగా చేయు పనిని చేయి మరచును. గొట్టము అన్నవాహికలోనికి పోయి, ఎవరును గమనింపనిచో రోగి దక్కడు. సూది సంగతి వేరు. ఇది ఆ వ్యాధియేనా, కొలత ఇదియేనా యను రెండు ప్రశ్నలకు చీటి సాయపడును. ఆలస్యము వలని కీడు సూది వలని కీడుకంటె మిక్కిలి పెద్దది. ప్రతి చికిత్సను ఇట్లు విడివిడిగా తూచి యిచ్చుటయే న్యాయమని నా యభిప్రాయము.

మన తెలుగునాట 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవలో, వాహనమందలి టెక్నీషియను టెలిఫోనులో వైద్యుని సలహా పొందు పద్ధతి కలదు. ఇదియు నొక మార్గమే. యోగ్యత కొంత చేతియందు, కొంత తంతి యావలి చెవియందు నుండును.

పారామెడిక్కులు మా యింటికి వచ్చుసరికి పిల్ల లేచి కూర్చుండి, ఆ ఎఱ్ఱబండి గంట మ్రోగింపుమని యువకుని వేధించుచుండెను. ఆ ప్రకోపము కొన్ని గంటలకు మరల తలయెత్తవచ్చునని వారు చెప్పి, ఆమెను ఆసుపత్రికి గొనిపోయిరి. ఆ రాత్రి తెల్లవారువరకు అచ్చటనే యుంటిమి.