పదోన్నతి లేని జీవితం: ‘స్టోనర్’ నవల

కథానాయకుని జీవితంలో చెప్పుకోదగిన ఘనత ఏదీ లేదని మొదటి పేజీలోనే తెలియజేసే నవలలు అరుదు. అమెరికన్ రచయిత జాన్ విలియమ్స్ (1922–1994) 1965లో వెలువరించిన ‘స్టోనర్’ అటువంటిది. విలియమ్ స్టోనర్ 1910లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరి, అక్కడే అధ్యాపకుడై, 1956లో మరణించేవరకు పాఠాలు చెప్పాడు. అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదాను దాటలేదు. ఇటువంటి జీవితంలో చదవడానికి ఏమున్నదని పాఠకులు అడగవచ్చు.

స్టోనర్ పేద రైతు కుమారుడు. సారం తగ్గుతున్న పొలానికి ఉపయోగపడుతుందని తండ్రి అతనిని వ్యవసాయ విద్యకు పంపాడు. అక్కడ తప్పనిసరిగా చదవవలసి వచ్చిన ఆంగ్ల సాహిత్య తరగతిలో, షేక్‌స్పియర్ పద్యమొకదాని అర్థమేమిటని గురువు అడిగితే అతనికి మాట పెగలలేదు. ఆ మౌనమే అతని దారి మళ్లించింది.

నవలకు ఆయువుపట్టు ఒక మౌఖిక పరీక్ష. వాకర్ అనే పరిశోధక విద్యార్థి మాటకారి. లోమాక్స్ అనే ఆచార్యుని అండ ఉన్నవాడు. స్టోనర్ వేసిన ప్రాథమిక ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పలేకపోయాడు. అతనిని ఉత్తీర్ణుని చేయడానికి స్టోనర్ అంగీకరించలేదు. అనంతరం లోమాక్స్ శాఖాధిపతి అయ్యాడు. స్టోనర్‌కు ప్రారంభ తరగతులు, అనుకూలించని వేళలు మిగిలాయి. ఇద్దరికీ ఇరవై ఏళ్లకు పైగా మాటలు లేవు.

ఇంజనీర్లమైన మాకు ఈ ఘట్టం కొత్తగా తోచలేదు. తనిఖీలో నిలవని పనిపై సంతకం చేయనన్న ఉద్యోగిని మనమందరం ఎరుగుదుము. అతడు నివారించిన ప్రమాదం జరగలేదు కనుక, అది ఏ నివేదికకూ ఎక్కదు. అతడు పోగొట్టుకొన్న పదోన్నతి మాత్రం అందరికీ కనబడుతుంది. విలియమ్స్ ఈ నష్టాన్ని త్యాగమని పొగడడు, తగ్గించీ చూపడు. ఏళ్ల తరువాత స్టోనర్ మొదటి సంవత్సరం విద్యార్థులకే ఉన్నత స్థాయి పాఠం బోధించి, తన పాత తరగతులను తిరిగి సాధించుకొంటాడు. హోదా మారలేదు, పని మాత్రం అతని చేతికి తిరిగి వచ్చింది.

పుస్తకం చరిత్ర కూడా నాయకుని చరిత్ర వంటిదే. తొలి ముద్రణకు ఆదరణ స్వల్పం. 2011లో అన్నా గవాల్డా ఫ్రెంచి అనువాదం వెలువడిన పిమ్మట ఐరోపాలో వేలాది పాఠకులు దీనిని చదివారు. అది చూడడానికి రచయిత జీవించి లేరు.

పదవీ విరమణకు చేరువైన మిత్రులు, తమ సర్వీసు రికార్డును మరొకసారి తిరగవేసే ముందు, ఈ నవలను చదవవలసినదిగా మా మనవి.